టీ నీళ్ళలో ఉడికిన జాకెట్లు

నామినేషన్ల జాబితా వచ్చిన రోజు పొద్దున కోటిరత్నం మిషను తొక్కడం ఆపి, ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది.

"చదువు వదినా, పైకే చదువు." అంది.

కోటిరత్నం రేపల్లె స్టేషన్ రోడ్డులో ఆడవాళ్ళ జాకెట్లు కుడుతుంది. నేను నిర్మలని, ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. వాళ్ళు హిందువులు, మాది లూథరన్ కుటుంబం. ముప్పై ఏళ్ళుగా ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటూ, ఊళ్ళోకి వచ్చిన ప్రతి సినిమానీ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని చూశాం. మా ఇద్దరికీ ఏటా ఒక పండగ ఉంది. స్వర్ణచక్ర సినిమా పురస్కారాలకి నామినేషన్లు ప్రకటించడం, వాటిని మేం తిట్టుకోవడం. వాళ్ళ జాబితా రాకముందే మా జాబితా ఒకటి నా స్కూలు నోటుపుస్తకంలో రాసి పెట్టుకుంటాం. ఆ రెండూ ఎప్పుడూ కలవలేదు. కలవకపోవడంలోనే సరదా ఉండేది. ఈసారి ఆ సరదా కూడా లేకుండా చేశారు.

చదివాను. ఉత్తమ చిత్రం, తుఫాను సినిమా. ఉత్తమ దర్శకుడు, తుఫాను సినిమా. సంగీతం, ఛాయాగ్రహణం, తుఫాను సినిమా. దానికి పేరొకటి ఉంది కానీ మా ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవరు. డెబ్బై ఏడులో మా తీరం మీద పడిన తుఫాను కథ కాబట్టి అది మాకు తుఫాను సినిమా. ఉత్తమ వస్త్రాలంకరణ దగ్గరకొచ్చి ఆగిపోయాను.

"అది కూడా దానికేనా?" అంది కోటిరత్నం.

"దానికే. 'ఆనాటి తీరప్రాంత పేదల బతుకును కళ్ళకు కట్టిన దుస్తులు' అని పొగిడారు కూడా."

"మరి కిరాణా కొట్టు సినిమాకి?"

"ఒక్కటి కూడా లేదు వదినా."

"థూ" అని వీధి వైపు తిరిగి ఉమ్మేసింది. నేను మార్కులు వేసే మనిషిని. ముప్పై ఏళ్ళలో ఎన్నో జవాబుపత్రాలు దిద్దాను. చదవకుండా మార్కులు వేసేవాళ్ళంటే నాకు మొదటినుంచీ అసహ్యం. ఈ జ్యూరీలో కూర్చున్నవాళ్ళు సినిమా చూశారో, పోస్టరు చూసి మార్కులు వేసేశారో ఆ దేవుడికే తెలియాలి. కానీ కోటిరత్నం ఉమ్మిన ఉమ్ము జ్యూరీ మీద మాత్రమే కాదు. తుఫాను సినిమాలో ఆడవాళ్ళు వేసుకున్న నలభై జాకెట్లూ కుట్టింది ఆమే.

కోటిరత్నం సినిమా చూసే పద్ధతి వేరు. హీరో ఎంతమందిని చితక్కొట్టాడో ఆమెకి గుర్తుండదు. హీరోయిన్ ఏడుస్తూ ఇంట్లోంచి పరిగెత్తినప్పుడు చేతి అంచు ఎర్రగా ఉండి, వీధిలోకి వచ్చేసరికి నీలంగా మారిందనుకోండి, "జాకెట్టు మార్చుకుని వచ్చి ఏడుస్తోందేంటి వదినా ఈ పిల్ల?" అని హాలంతా వినబడేట్టు అడుగుతుంది. ముందు వరసల్లో వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారు. నేను కొంగుతో మొహం కప్పుకుంటాను.

సినిమా అయిపోయాక కూడా లేవదు. పేర్లు పడాలి. లైట్లు పట్టినవాళ్ళు, వండిపెట్టినవాళ్ళు, కుట్టినవాళ్ళు, అందరి పేర్లూ చదవాలి. మా హాలులో ఆపరేటరు కథ అయిపోగానే బొమ్మ ఆపేసి తలుపులు తెరిపిస్తాడు. ఊడ్చేవాళ్ళు చీపుళ్ళతో దిగుతారు. "పేర్లు చదవనియ్యండయ్యా, వాళ్ళూ మనుషులే కదా" అని ఈమె వాళ్ళతో వాదనకి దిగడం, మేం ఊడ్చిన చెత్తతో పాటు బయటికి రావడం మాకు మామూలే. ఆ పేర్లలో తన పేరు ఒక్కసారి చూసుకోవాలని కోటిరత్నం కోరిక. ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా పదిహేనేళ్ళు పోయాక చెప్పింది, అదీ సిగ్గుపడుతూ.

క్రితం ఏడు వేసవిలో ఆ అవకాశం తనంతట తనే కొట్టు మెట్లెక్కింది. తుఫాను సినిమావాళ్ళు కృష్ణ ఒడ్డున సెట్టు వేసుకున్నారు. దుస్తుల విభాగంలో పనిచేసే ఫిన్నీ అని బాపట్ల మనిషి, నలభై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు, అడుగుతూ అడుగుతూ ఈమె దగ్గరికి వచ్చాడు.

"డెబ్బై ఏడు నాటి జాకెట్లు కావాలక్కా. ఆ కోత, ఆ చేతులు ఇప్పుడు కుట్టేవాళ్ళు దొరకట్లేదు" అన్నాడు.

కోటిరత్నం ఎంతిస్తారని అడగలేదు. "పేర్లలో నా పేరు వేస్తారాండి?" అంది. వేయిస్తానన్నాడు.

గడువిచ్చిన పది రోజులూ ఇక ఆమెని పట్టుకోలేకపోయాం. తెనాలి వెళ్ళి పాత కొట్లన్నీ గాలించి పాప్లిన్ గుడ్డ, వాయిలు గుడ్డ తెచ్చింది. చిలకపచ్చ, రాణీరంగు, నేరేడు, పసుపు, మిరపపండు ఎరుపు. చేతికుట్టుతో అంచులు మడిచింది. ఏ జాకెట్టు కూలికెళ్ళే మనిషిది, ఏది కొత్తగా కాపురానికొచ్చినదానిది, ఏది పసిబిడ్డ తల్లిది, అన్నీ తనే ఊహించుకుని వేరువేరుగా కుట్టింది. నలభై జాకెట్లూ దండెం మీద వేలాడుతుంటే కొట్టులో రథం ముగ్గు వేసినంత కళగా ఉంది. నేను స్కూలు నుంచి వస్తూ రోజూ చూసి వెళ్ళేదాన్ని.

అప్పుడొచ్చాడు హైదరాబాదు డిజైనరు. నల్లకళ్ళజోడు తియ్యకుండానే దండెం వైపు చూశాడు. ఎవరో చెప్పు కిందేసి తొక్కిన పండుని చూసినట్టు మొహం పెట్టాడు.

"ఇవేంటి, పెళ్ళికెళ్ళేవాళ్ళవా? వీళ్ళు పేదవాళ్ళండి" అన్నాడు.

"పేదవాళ్ళయితే రంగులు కట్టుకోరాండి?" అంది కోటిరత్నం.

"కెమెరాలో నమ్మకంగా కనబడాలి. అన్నీ టీపొడి నీళ్ళలో ఉడకబెట్టండి. మట్టిరంగు రావాలి."

ఒళ్ళు మండింది నాకు. ఈ పెద్దమనిషి పేదవాళ్ళని ఎక్కడ చూశాడో అడగాలనిపించింది. మా అమ్మ వేమూరు పొలాల్లో నాట్లకి వెళ్ళేది. ఉన్నవి రెండు జాకెట్లు, ఒకటి ఎర్రది, ఒకటి నారింజ. రంగు కొనుక్కోవడానికి వాళ్ళకి దొరికిందే ఆ జాకెట్టు గుడ్డ, దాంట్లో మట్టిరంగు ఎందుకు కొనుక్కుంటారు? అడగలేదు. కోటిరత్నం నా వైపు వద్దన్నట్టు చూసింది. ఆ చూపులో భయం ఉంది. మాట మీరితే పేరు పోతుందని.

నలభై జాకెట్లు ఒకేసారి పట్టే పాత్ర కావాలంటే మా చర్చి విందులకి వాడే పెద్ద గుండిగ నేనే తీయించి ఇచ్చాను. కొట్టు వెనక పొయ్యి పెట్టింది. టీపొడి పోసి నీళ్ళు తెర్లనిచ్చి, జాకెట్లు ఒక్కొక్కటే లోపలికి వదిలింది. చిలకపచ్చ ముందు ముదిరింది, తర్వాత మురిగింది. రాణీరంగు ఎండిన నెత్తురులా అయింది. కోటిరత్నం కర్రతో కలుపుతూనే ఉంది. సాయంత్రానికి దండెం మీద నలభై జాకెట్లూ ఒక్కటే రంగు, కాలవ అడుగున పూడిక రంగు. డిజైనరు వచ్చి చూసి "ఇదీ సినిమా అంటే" అన్నాడు. ఆ రోజు నుంచి కోటిరత్నం టీ మానేసింది.

సినిమా విడుదలైంది. రేపల్లెలో మొదటి ఆటకే వెళ్ళాం. జనం ఏడ్చారు. మేం పేర్ల కోసం కూర్చున్నాం, ఆపరేటరు ఎప్పటిలాగే ఆపేశాడు. మర్నాడు రైలెక్కి తెనాలి వెళ్ళాం. అక్కడ సగం పేర్లు పడ్డాయి. డ్రైవర్ల దాకా వచ్చి ఆగిపోయింది. ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి కర్లపాలెం మీదుగా బస్సులో బాపట్ల వెళ్ళాం. అక్కడ పూర్తిగా వేశారు కానీ, లైట్లు వెలిగించేశారు, జనమంతా తెర ముందు నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు.

"కనబడలేదు కానీ, ఉండే ఉంటుంది వదినా" అంది బస్టాండులో.

"ఉంటుందిలే. ఫోన్లలోకి వస్తుందిగా, అప్పుడు ఆపి ఆపి చూద్దాం" అన్నాను. అవార్డులు అయిపోయాక ఫోన్లలో వదులుతారని అప్పటికే చెప్పారు.

ఆ నెలలోనే తెనాలిలో ఇంకో సినిమా చూశాం. హాల్లో మాతో కలిపి పదకొండు మంది. భర్త పోయిన ఒకావిడ పల్లెటూళ్ళో కిరాణా కొట్టు నడుపుకోవడమే కథ. పాటల్లేవు, కొట్లాటల్లేవు. ఆవిడకి సినిమా మొత్తానికి రెండే జాకెట్లు. మధ్యలో ఒక చోట పై అరలోంచి బెల్లం డబ్బా అందుకోవడానికి చెయ్యెత్తింది. కోటిరత్నం నా మణికట్టు పట్టుకుంది. గాజు విరిగేంత గట్టిగా పట్టుకుంది.

"పక్క కుట్టు చూడు వదినా, పక్క కుట్టు" అంది.

చంక కింద నుంచి నడుం దాకా జాకెట్టుకి ముదురు రంగు చార ఒకటి ఉంది. నాకేం అర్థం కాలేదు. ఒళ్ళొచ్చిన మనిషికి పాత జాకెట్టు వదులు చేసేటప్పుడు పక్క కుట్లు విప్పుతారట. లోపల మడతలో ఉన్న గుడ్డకి ఎండ తగలదు కాబట్టి రంగు పోదు. విప్పి కుట్టినచోట కొత్త రంగు చారలా బయటపడుతుంది. కొత్తది కొనుక్కోలేని ప్రతి ఆడదాని జాకెట్టుకీ ఆ చార ఉండేది. తెర మీద దాన్ని చూడటం ఇదే మొదటిసారి అంది కోటిరత్నం. అంటూనే వెక్కి వెక్కి ఏడ్చింది.

బయటికొచ్చి సోడా తాగుతుంటే చెప్పింది. వాళ్ళమ్మ తుఫానులో పోయిందని నాకు తెలుసు. ఎలా దొరికిందో తెలియదు. నిజాంపట్నం దగ్గర వాళ్ళ ఊరు. ఆరేళ్ళ కోటిరత్నానికి గవదబిళ్ళలు వస్తే రేపల్లెలో అమ్మమ్మ దగ్గర వదిలి, వాళ్ళమ్మ చంకలో పిల్లాడితో తిరిగి ఆ ఊరికి వెళ్ళిపోయింది. ఆ రాత్రే సముద్రం ఊరి మీదకి వచ్చింది. మూడోనాటికి దొరికిన శవాలని కాలవ గట్టు మీద వరసగా పడుకోబెట్టారట. మొహాలు గుర్తుపట్టేలా లేవు. బతికి బయటపడ్డ వాళ్ళ నాన్న కూడా దర్జీయే. ఆయన మొహాలు చూడటం మానేసి జాకెట్లు చూసుకుంటూ నడిచాడు. ఎర్ర జాకెట్టు ఒకళ్ళు, పసుపు జాకెట్టు ఇంకొకళ్ళు గుర్తుపట్టి తమవాళ్ళని తీసుకెళ్తున్నారట. చిలకపచ్చ జాకెట్టు దగ్గర ఆగాడు. పక్కల్లో ముదురు చార ఉంది. పిల్లాడు పుట్టాక ఆయనే విప్పి వదులు చేశాడు.

"ఆ కుట్టు లేకపోతే అమ్మని అందరితో కలిపి గోతిలో వేసేసేవాళ్ళు వదినా" అంది.

ఇప్పుడు చెప్పండి. ఆ చారని తెర మీదకి తెచ్చిన సినిమాకి ఒక్క నామినేషన్ లేదు. టీ నీళ్ళలో ముంచిన నలభై జాకెట్లు 'ఆనాటి బతుకుని కళ్ళకు కట్టాయి'. చెవిలో పువ్వు పెట్టుకుని కూర్చున్నామా మేం?

నామినేషన్లు వచ్చిన మర్నాటి నుంచి ఊళ్ళో ఇంకో రోత మొదలైంది. బట్టల కొట్టు పాండురంగారావు వర్తక సంఘానికి అధ్యక్షుడు. ముప్పై ఏళ్ళలో కోటిరత్నం కొట్టు వైపు కన్నెత్తి చూడని మనిషి. ఆయన శాలువా, మైకు, హాలు అన్నీ మాట్లాడేసి వచ్చాడు.

"మన రేపల్లెకే గర్వకారణమమ్మా. ఆదివారం సన్మానం. ఎమ్మెల్యేగారిని కూడా అడిగాం" అన్నాడు.

"నామినేషన్ వచ్చింది డిజైనరుకండి, నాక్కాదు" అంది కోటిరత్నం.

"కుట్టింది నువ్వేగా! సినిమాలో పేరు కూడా ఉందంటగా. అది చాలు."

సాయంత్రానికి సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. తుఫాను సినిమాకి తగ్గట్టు ఉండాలని ఆమె ఫోటోకి కూడా మట్టిరంగు పూశారు. బతికున్న మనిషి మొహం, పూడికలోంచి తీసినట్టు. దండ ఒక్కటే తక్కువ. నేను పిచ్చికోపంతో వెళ్ళి దాన్ని చింపబోతే కోటిరత్నమే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

నాలుగు రోజులు ఆమె సరిగా మిషను తొక్కలేదు. అయిదోనాడు, శుక్రవారం పొద్దున, మా ఇంటికొచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"ఫిన్నీ తమ్ముడికి ఫోన్ కలుపు వదినా. సినిమా ఫోన్లలోకి రాకముందే నా పేరు తీసెయ్యమని చెబుతా."

నేను నిర్ఘాంతపోయాను. "ముప్పై ఏళ్ళు ఊడ్చిన చెత్తలో కూర్చున్నది ఆ పేరు కోసమే కదా! తర్వాత ఏడుస్తావు."

"ఏడుస్తాను. కానీ దానిమీద నా పేరు ఉండగా మా అమ్మ ఫోటోకి దీపం పెట్టలేకపోతున్నా" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అయిదు రోజులుగా నిద్ర లేనట్టుంది.

ఫోన్ కలిపి, ఇద్దరికీ వినబడేట్టు బల్ల మీద పెట్టాను. ఫిన్నీ సంతోషంగా పలికాడు. "చూశారా అక్కా, మన జాకెట్లకి నామినేషన్!"

"చూశాను తమ్ముడూ. ఒక సాయం చెయ్యాలి. నా పేరు తీసెయ్యండి. ఆ జాకెట్లు తప్పు. మా ఊరివాళ్ళు అలా లేరు. డిజైనరుగారికి కోపమొచ్చినా సరే, నా పేరు మాత్రం వద్దు."

అవతల బస్సు హారన్ మోత వినబడింది.

"అక్కా, అదీ..." అన్నాడు చివరికి. "మీ పేరు వెయ్యలేదక్కా. నేను రాసిచ్చాను. స్థలం చాలలేదని కింది పేర్లన్నీ తీసేశారు. నా పేరు కూడా లేదు. మీకు చెప్పడానికి మొహం చెల్లలేదు."

"సర్లే తమ్ముడూ, అన్నం తిన్నావా?" అంది కోటిరత్నం. పొద్దున తొమ్మిదింటికి అన్నం ఏంటో ఆమెకే తెలియాలి. తర్వాత ఫోను పెట్టేసింది.

మూడు ఊళ్ళు తిరిగాం. మూడు హాళ్ళలో మెడలు చాచాం. అసలు లేని పేరు కోసం. వదులుకోవడానికి ఆమె అయిదు రోజులు నిద్ర మానుకుంది, వాళ్ళు వదులుకోవడానికి కూడా ఏమీ మిగల్చలేదు. అంత నీచం నేను సినిమాల్లో విలన్లలో కూడా చూడలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. మా పాస్టరుగారు వింటే ఆ ఆదివారం ప్రసంగం నామీదే ఉండేది.

కబురు పాండురంగారావుకి ఎలా తెలిసిందో తెలిసింది. మధ్యాహ్నానికి వచ్చి, "పేరే లేనప్పుడు సన్మానం చేస్తే నలుగురూ నవ్వుతారమ్మా. నీ మంచికే చెబుతున్నా" అన్నాడు. శనివారం పొద్దునకి ఫ్లెక్సీ దిగింది. దాన్ని ఆయన గోడౌను ముందు సిమెంటు బస్తాల మీద కప్పారు. వాన జల్లుకి కోటిరత్నం మొహం మీద నీళ్ళు నిలిచి ఉండటం స్కూలుకి వెళ్తూ చూశాను. ఈసారి ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. లాగి, మడిచి, చంకలో పెట్టుకుని వచ్చేశాను.

ఆదివారం చర్చిలో విందు ఉంది. వంటవాళ్ళు గుండిగ బయటికి తీశారు. సన్మానం జరగాల్సిన వేళకి కోటిరత్నం చింతపండు ముద్ద, పీచు పట్టుకుని చర్చి వెనక్కి వచ్చింది. గుండిగ లోపల అంచు చుట్టూ టీ మరక ఇంకా ఉంది. ఏడాది నుంచి ఎన్ని విందులు జరిగినా పోలేదు. చీర కుచ్చెళ్ళు దోపుకుని తోమడం మొదలెట్టింది.

"వదిలెయ్ వదినా. నీ పేరు దానిమీద లేదు. ఆ పాపం నీది కాదు, పీడ వదిలింది" అన్నాను.

"పేరు లేకపోతే ఏంటి? కర్ర పెట్టి తిప్పిన చేతులు నావేగా" అంది తోముతూనే.

నేను కూడా పీచు తీసుకుని అవతలి వైపు కూర్చున్నాను. కాసేపటికి ఆమె చెయ్యి ఆగింది. మరక పోలేదు. గుండిగ అడుగుకే చూస్తూ అడిగింది.

"నలభై మందికీ ఒకటే రంగు వేశాను వదినా. మా నాన్న ఆ గట్టు మీద అమ్మని ఎలా వెతుక్కునేవాడు?"